లిస్టులో బావ

మార్చి 12

ఇందుమూలముగా యావన్మంది గోపాలపట్నం ప్రజలకు, ముఖ్యంగా ఈ ఇంటి కిందవాటాలోనూ పైవాటాలోనూ కాపురముంటున్న వారికి, దయానందం అనే నేను తెలియజేయునది ఏమనగా: మా ఫ్రిజ్ మీదున్న వైఫై డబ్బాను ఈ రోజు నుంచి రక్షిత ప్రాంతంగా ప్రకటించడమైనది. దాని మీద మజ్జిగ గిన్నె పెట్టరాదు. దాని పక్కన కరివేపాకు ఆరబెట్టరాదు. దాని మొహం చూసి "సచ్చిందా?" అని అడగరాదు. టీవీలో గుండ్రంగా తిరిగే ఆ చక్రం ఆగేదాకా ఎవరూ తుమ్మరాదు. ధిక్కరించిన వారికి మూడు పూటలా నా చేతి చారు. ఈ ప్రకటనను ఎవరూ చదవరాదు, ఎందుకంటే ఇది నా డైరీ.

అసలు సంగతి ఏమిటంటే వారంగా మా నెట్‌కి పక్షవాతం. నిన్న రత్నమణి చూసే సీరియల్లో అత్తగారు కోడల్ని కొట్టడానికి చెయ్యెత్తి అలాగే నిలబడిపోయింది. మేము అన్నాలు తిన్నాం, రత్నమణి కంచాలు కడిగింది, నేను నడుం వాల్చి లేచాను. దెబ్బ పడలేదు. ఆ కోడలి మీద జాలేసింది. పడిపోతే ఓ బాధ తీరిపోను.

రత్నమణికి సీరియల్ పోతే ప్రాణం మీదికి రాదు. పైవాటాలో ఎవాంజలిన్‌కి వస్తుంది. ఆవిడ ఉద్యోగం ఇంట్లోనే. ఎక్కడెక్కడి ఆస్పత్రుల బిల్లులో కంప్యూటర్లోకి ఎక్కించాలి. నెట్ లేకపోతే ఆవిడ ఉద్యోగం కూడా చక్రంలా తిరుగుతుంది. ఇవాళ మెట్ల మీద నిలబడి అంది:

"అన్నయ్యా, మా టీమ్ లీడర్ రోజూ తిడతన్నాడు. ఇలగే ఉంటే ఈస్టర్ అయ్యాక ఆనందపురం మా తమ్ముడింటికి ఎలిపోతాను. అక్కడ నెట్ బాగుంటాది."

"ఎలిపోడం ఏటమ్మా, నాను బాగుసేత్తాను కదా."

"మీరు సేత్తే ఉన్నది కూడా పోద్ది."

నిజమే. ఈ ఇంట్లో ఇలాంటివన్నీ చూసుకున్నది బెన్సన్. రత్నమణికి తమ్ముడు, ఎవాంజలిన్‌కి మొగుడు, నాకు బావమరిది, ఊరికి మేమిద్దరం కలిపి ఒక ఉపద్రవం. పోయిన మే నెలలో స్టీల్ ప్లాంటు డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే గుండెపోటొచ్చి పోయాడు. బండి స్టాండు వేసి మరీ పడ్డాడట. వాడి చెప్పులు ఇంకా పైవాటా గుమ్మం పక్కనే ఉన్నాయి. ఎవాంజలిన్ వెళ్లిపోతే ఆ చెప్పులు కూడా వెళ్లిపోతాయి. వాడు రెండోసారి పోయినట్టు.

కాబట్టి ఈస్టర్ లోగా నెట్ బాగుచేస్తాను. రాసుకున్నాను కదా. చేస్తాను.

మార్చి 13

ఆపి వేశాను. మన దేశంలో ఏది చెడినా మొదటి వైద్యం అదే. కాసేపు పరుగెత్తింది, మళ్లీ కూలబడింది.

డబ్బాని ఫ్రిజ్ మీంచి కిటికీలోకి మార్చాను. పోర్టు బొగ్గు మసి దాని కన్నాల్లోకి పోయిందేమోనని రత్నమణి పాత టూత్‌బ్రష్షుతో తోమాను. ఆ బ్రష్షు పాతది కాదని తర్వాత తెలిసింది.

పక్కింటివాళ్లు మన నెట్ దొంగిలిస్తున్నారేమోనని అనుమానం. కానీ ఎలా దొంగిలిస్తారు? మన వైఫై పేరు 'పోలీస్ కంట్రోల్ రూమ్-2'. ఆ పేరు చూస్తేనే గోపాలపట్నంలో సగంమంది ఫోన్లు ఆపేసుకుంటారు. బెన్సన్ పెట్టిన పేరది. ఎందుకు పెట్టాడో ఇక్కడ రాయను.

మార్చి 15

కేబుల్ ఆఫీసు నుంచి మణికంఠ వచ్చాడు. ముందు పొట్ట వచ్చింది, తర్వాత అతను వచ్చాడు. తీగ పీకి చూశాడు, ఊదాడు, పెట్టాడు. తన ఫోన్లో ఏదో తెరిచి, మన డబ్బాకి ఎవరెవరి ఫోన్లు తగులుకుని ఉన్నాయో పైకి చదివాడు. ఎవాంజలిన్ కూడా కిందకొచ్చి నిలబడింది.

"రత్నమణి... ఇది మేడమ్ గారిదా? ఎవాంజలిన్ ల్యాప్‌టాప్. టీవీ. దయానందం. బెన్సన్. ఇదిగోండి, దొరికీసింది! ఈ బెన్సన్ గారే మొత్తం లాగెత్తన్నారు. ఫొటోలో వీడియోలో, దించకుండా పైకి ఎక్కిత్తన్నారు. ఆరిని కాసేపు ఆపమనండి సార్, మీ నెట్ గుర్రంలా పరుగెడతాది."

కుక్కరు కూత పెట్టింది. ఎవరూ దాన్ని ఆపలేదు.

రత్నమణి అంది: "ఆడు సచ్చిపోనాడు బాబూ. ఏడాది కావత్తంది."

మణికంఠ డబ్బా మీంచి చెయ్యి తీశాడు, కాలినట్టు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు. కేబుల్ వాడు టీ తాగకుండా వెళ్లడం నేను ఇదే చూడటం.

ఎవాంజలిన్ నా వంకే చూస్తోంది. "ఆ ఫోను పెట్టెలో పెట్టీసేనన్నారు కదన్నయ్యా?"

"పెట్టేను. నా సేత్తో పెట్టేను. ఆడి కుడిచెయ్యి కింద."

పెట్టాను. అందరూ చూస్తుండగానే వంగాను. పాస్టరుగారు వాడి గుండె మీద బైబిలు పెట్టారు, రత్నమణి కళ్లజోడు పెట్టింది. నేను ఫోను పెట్టాను. అక్కడికి చేరాక ఒక మిస్డ్ కాల్ ఇవ్వరా అని చెవిలో అన్నాను కూడా. ఏడుస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాడికి నచ్చేది.

సమాధుల తోట నుంచి మన ఫ్రిజ్ దాకా సిగ్నల్ అందుతోందంటే ఈ డబ్బా సామాన్యమైనది కాదు.

మార్చి 16

బి షిఫ్టు. మధ్యాహ్నం ఇంట్లో లేను. నెట్ బాగుందట.

మార్చి 18

ఎవాంజలిన్ ఆనందపురం వెళ్లడానికని పుస్తకాలు కట్టలు కట్టింది. ఇవాళ చూస్తే ఒక కట్ట విప్పి ఉంది.

పొద్దున్నే కిందకొచ్చింది. టీ కోసం కాదు. "అన్నయ్యా, మణికంఠ సూపించిన లిస్టు మీ ఫోన్లో కూడా వత్తాదా?"

తెరిచి చూపించాను. డబ్బా అడుగున అంటించిన చీటీ మీద నంబరుంది, అది కొడితే వస్తుంది.

"ఉన్నాడు," అంది. అంతే. వెళ్లి పని చేసుకుంది. పని అంటే చక్రం చూడటం.

మార్చి 19

"ఉన్నాడా?"

"ఉన్నాడు."

మార్చి 20

"ఉన్నాడా?"

ఉన్నాడు. ఇవాళ ఇంకో మాట కూడా అంది. మధ్యాహ్నం కింద నుంచి బెన్సన్ నవ్వు వినిపించిందట. వాడి నవ్వు తెలుసు కదా, ముందు ముక్కులోంచి మొదలై తర్వాత లారీ స్టార్టయినట్టు అవుతుంది. నేల మీద చెవి పెట్టి విన్నానంది.

"టీవీ అయ్యుంటాదమ్మా."

"నెట్ లేదు కదన్నయ్యా, టీవీ ఎలగొత్తాది?"

పక్కింటివాళ్లు అయ్యుంటారని చెప్పాను. పక్కింటి నీలకంఠం నవ్వగా నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. అయినా చెప్పాను.

ఆ ఫోను వాడి ఎడమచెయ్యి కింద ఉంది. నా చేత్తో పెట్టాను.

మార్చి 21

తీగ మార్పించాలి. అసలు తప్పంతా తీగదే. స్తంభం దగ్గర కాకి గూడు కట్టింది. కాకి ముక్కుతో పొడిస్తే ఏ తీగ అయినా పాడవుతుంది. మణికంఠకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

మార్చి 23

ఇది రాయాలా వద్దా.

పొద్దున్న వంటగది గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాను. రత్నమణి దోసె తిప్పుతోంది. అప్పుడు గదిలోంచి నా గొంతు వినిపించింది. "లేరా బెన్సనూ! ఏ షిఫ్టు! నీ యబ్బ సొమ్మా స్టీల్ ప్లాంటు? లేరా!"

నేనేమో గుమ్మంలో ఉన్నాను. నోట్లో టీ ఉంది.

అది వాడి అలారం. నిద్ర లేవడని నేనే అరిచి, వాడి ఫోన్లో పెట్టి ఇచ్చాను. మంద్రంగా మొదలై పక్కవీధికి వినిపించేలా ముగుస్తుంది.

రత్నమణి దోసె వంకే చూస్తూ అంది: "నువ్విక్కడున్నావు. నీ గొంతు అలమారలోంచొత్తంది."

"రేడియో."

"మనకి రేడియో ఉందా?"

"పక్కిల్లు."

దోసె మాడింది. ఆ మాడిన దోసె నాకే వేసింది. ఇంకేమీ అడగలేదు. రత్నమణి అడగకపోతే భయపడాలని పెళ్లయిన ఏడాదే తెలుసుకున్నాను.

మార్చి 25

ఎవరు చెప్పారో, ఐజాక్ పాస్టరుగారు వచ్చారు. డబ్బా మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ తీగలలో సంచరించు సమస్తమును నీ స్వాధీనములో ఉంచుము. ఏదైనను అశాంతితో తిరుగుచున్నయెడల దానిని నెమ్మదిపరచుము."

డబ్బా మీద ఎర్ర దీపం పచ్చగా మారింది. పాస్టరుగారు కళ్లు తెరిచి అది చూసి నాకంటే ఎక్కువ భయపడ్డారు.

వెళ్తూ నన్ను పక్కకి పిలిచారు. "దయానందం, ఇది నీ కోతిపనుల్లో ఒకటి కాదు కదా?"

"లేదండి."

"సమాధి దగ్గర నువ్వు ఫోను పెట్టడం నేనూ చూశాను."

"సూసేరు కదండీ. ఆడి చొక్కా జేబులో పెట్టేను."

ఆయన తల ఊపారు. పదిమంది చూశారు. నేనొక్కణ్నే అనుకుంటే సరే, పదిమంది చూసింది అబద్ధం ఎలా అవుతుంది?

మార్చి 29, మట్టల ఆదివారం

మట్టలు పట్టుకుని ఊరేగింపులో నడిచాను. వచ్చేసరికి ఎవాంజలిన్ మెట్ల మీద కూర్చుని ఉంది. మట్ట ఒళ్లో పెట్టుకుని ఆకులు ఒక్కొక్కటే చీలుస్తోంది.

"కంపెనీ వాళ్లు ఆఖరి మాట సెప్పీసేరన్నయ్యా. ఈ వారం కూడా ఇలగే ఉంటే తీసెత్తారంట. శనివారం మా తమ్ముడు వేన్ తెత్తానన్నాడు."

"మణికంఠ వత్తాడు. స్తంభం మీద కాకి..."

"కాకి కాదు. మణికంఠ ఆరోజే సెప్పీసేడు కదా. ఆయన ఆగితే నెట్ వత్తాది. నెట్ వత్తే నానుంటాను. కానీ ఆయన లిస్టులోంచి పోతాడు." ఇంకో ఆకు చీల్చి అంది, "నాకు రెండూ కావాలంటే ఎలగన్నయ్యా?"

నాకేం తెలుసు? నేను పోర్టులో లారీలు తూచేవాణ్ని. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ని. ఆవిడ అడిగింది లెక్క కాదు గానీ నాకు ఆ రోజు పరీక్ష హాల్లో పట్టినట్టే చెమట పట్టింది.

ఆగితే సరిపోతుంది. అది అందరికీ తెలుసు. ఎవరైనా ఆపితే.

మార్చి 31

ఆగింది.

ఎలా ఆగిందో అనవసరం. టీవీ గలగలా నడిచింది. పైనుంచి ఎవాంజలిన్ కీబోర్డు చప్పుడు వానలా వినిపించింది. రత్నమణి సీరియల్లో ఆ కోడలు ఇప్పుడు అత్తగారిని కొడుతోంది, అంత దూరం పోయింది కథ.

సాయంత్రం ఎవాంజలిన్ కిందకొచ్చి నా ఫోను తీసుకుని తానే లిస్టు తెరిచింది. రత్నమణి. ల్యాప్‌టాప్. టీవీ. దయానందం. కింద ఏమీ లేదు. తెరని పైకి జరిపింది, కిందకి జరిపింది. ఎక్కడో ఇరుక్కుని ఉంటాడన్నట్టు.

ఫోను నా చేతికిచ్చి వెళ్లిపోయింది. వాడి చెప్పుల పక్కన కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. ఆ మధ్యాహ్నం ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో మాత్రం అనిపించింది.

ఏప్రిల్ 1

మళ్లీ వచ్చాడు. ఇవాళ తారీఖు చూసి ఎవరూ నన్నేమీ అనలేదు. ఏటా ఈ రోజున మేమిద్దరం కలిసి వీధిలో ఒక్కడినైనా ఏడిపించకుండా వదల్లేదు. ఈసారి ఎవరినీ ఏమీ చెయ్యలేదు.

"ఉన్నాడు," అని ఎవాంజలిన్ నవ్వింది. చక్రం తిరగడం మొదలైంది.

ఏప్రిల్ 2

ఈస్టర్ తెల్లారి దీపాలు పెట్టాలి కదా, సమాధికి సున్నం వేయించడానికి ఎవాంజలిన్ తోటకి వెళ్లొచ్చింది. వచ్చీ రాగానే, చెప్పులు విప్పకుండానే అంది:

"తెలిసిపోనాదన్నయ్యా. సలమయ్య తీసేడు."

"ఏటి?"

"ఫోను. మూత మేకులు కొట్టింది ఆయనే కదా. ఇవాళ ఆయన సేతిలో ఫోను సూసేను, సరిగ్గా అలాటిదే. మనూరోడే, ఇటేపే ఎక్కడో తిరగతన్నాడు, అందుకే మన వైఫై పట్టుకుంటంది. పాస్టరుగారికి సెప్పి ఆ పని మాన్పించెత్తాను. పోలీసు రిపోర్టు కూడా ఇత్తాను."

చలమయ్య. గోతులు తవ్వే ముసలాయన. ఆ రోజు బెన్సన్ కోసం తవ్విన గొయ్యి చూసి, మళ్లీ లోపలికి దిగాడు. ఎందుకు తాతా అంటే, "పొడుగు మనిషి కదా బాబూ, కాళ్లు ముడుసుకోకూడదు" అన్నాడు. మూరెడు పెంచి పైకొచ్చి, మట్టి చేత్తోనే నాకు బీడీ ఇచ్చాడు.

"ఆయన అలాటోడు కాదమ్మా," అన్నాను.

"మరెవరన్నయ్యా? పెట్టింది మీరు. మూసింది ఆయన. మజ్జిలో ఇంకెవరున్నారు?"

రత్నమణి చింతపండు పిసుకుతోంది. చెయ్యి ఆగలేదు.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

చర్చిలో సిలువ మీది ఏడు మాటలూ చెప్పారు. నా దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. చెప్పలేదు.

ఏప్రిల్ 4

శనివారం. వేన్ వచ్చే రోజు.

అలమారలో నా ఖాకీ చొక్కాల కింద నుంచి ఫోను తీశాను. ఇన్ని నెలలూ ఆపే ఉంచి, మార్చి మొదట్లోనే దీనికి మొదటిసారి ఛార్జింగ్ పెట్టి తెరిచాను. జేబులో వేసుకుంటే దొంగతనంలా ఉంటుందని చేతిలోనే పట్టుకున్నాను. మెట్లెక్కాను. చెప్పులు దాటి లోపలికి వెళ్లలేక గుమ్మంలో నిలబడ్డాను.

లోపల ఎవాంజలిన్, పక్కన రత్నమణి. ఇద్దరి మధ్యా ఉల్లిపాయల గుట్ట. రేపటి బిరియానీకి తరుగుతున్నారు. ఎక్కడా సామాను సర్దినట్టు లేదు. పుస్తకాల కట్టలన్నీ విప్పి ఉన్నాయి.

చెయ్యి చాపాను. ఎవాంజలిన్ ఫోను వంక చూసింది. ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు.

"ఛార్జింగెంతుందన్నయ్యా?" అంది.

"నిండా ఉంది. పొద్దున్నే పెట్టేను." చాపిన చెయ్యి దించకుండానే, "సలమయ్యకి ఏ పాపం తెలీదమ్మా. ఆ ముసలోడి మీద..." అన్నాను.

"ఆయనకి టీ ఇచ్చి, సున్నం బాగా ఎయ్యి తాతా అని సెప్పి వచ్చేను. ఆయన సేతిలో ఉన్నది బటన్ ఫోను."

"మరి పోలీసు రిపోర్టన్నావు?"

"మనింట్లోనే ఉంది కదా పోలీస్ కంట్రోల్ రూమ్. అందులో ఇచ్చేను."

రత్నమణి తల ఎత్తకుండా ఉల్లిపాయ మీదే అంది: "ఆ అలారం మోగిన్నాడే నాకు తెలిసింది. ఈయన్ని నిలదీత్తే ఇంకో అబద్ధం ఆడతాడు, నువ్వే ఏదో సెయ్యి పిల్లా అన్నాను. కుడిచెయ్యన్నాడు, ఎడంచెయ్యన్నాడు, జేబన్నాడు. మా తమ్ముడికెన్ని సేతులు?"

"వేన్?"

"ఏ వేన్ అన్నయ్యా?" అంది ఎవాంజలిన్. "మీ ఇద్దరి మజ్జినా అన్నేళ్లు కాపరం సేసేను. నాకు ఆమాత్రం రాదా?"

నన్ను బోల్తా కొట్టించినవాడు ఈ లోకంలో ఒక్కడే అనుకునేవాణ్ని. వాడు పోతూ పోతూ విద్య పెళ్లానికి నేర్పి పోయాడు.

ఆవిడ ఫోను తీసుకుని ఎక్కడో ఒక్క మీట నొక్కింది. పైకి ఎక్కించడం ఆగిపోయిందట. ఇన్నాళ్లూ ఆ ఒక్క మీటే. వాడు ఫోన్లోనే ఉంటాడు, లిస్టులోనూ ఉంటాడు, నెట్ మాత్రం లాగడు. నాకు ఆ మీట ఉందని తెలీదు. ఆపడమంటే మొత్తం ఆపడమే అనుకున్నాను.

"మధ్యాన్నాలు ఏది వింటన్నారన్నయ్యా? అది పెట్టండి."

పెట్టాను. ఫోన్ సంభాషణలన్నీ రికార్డు చేసుకునేవాడు వెధవ. బొంగురు గొంతు: "హలో, పోలీస్ కంట్రోల్ రూమ్ టూ. దయానందం ఎవరు? పోర్టు తూకం దగ్గర బొగ్గు లారీ పోయిందని కంప్లైంటు." తర్వాత నా గొంతు. వణుకుతూ. "బాబ్బాబు, నాను కాదు సార్, నాకేటీ తెలీదు సార్, ఇద్దరు సిన్న పిల్లలున్నారు సార్..." అవతల కాసేపు ఏమీ లేదు. తర్వాత మామూలు గొంతుతో వాడు: "ఏ పిల్లలు బావా?" అని, ఇక నవ్వు. ముక్కులోంచి మొదలై, లారీ స్టార్టయి, ఘాటీ ఎక్కి, అవతలికి దిగిపోయేదాకా.

పిల్లల్లేని ఇల్లు మాది. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. వాడు ఎవరికీ చెప్పలేదు. వైఫైకి ఆ పేరు పెట్టి ఊరుకున్నాడు.

రత్నమణి నవ్వింది. నవ్వుతూనే చెంగుతో కళ్లు తుడుచుకుని, ఉల్లిపాయలంది.

"ఇంకోపాలి పెట్టన్నయ్యా," అంది ఎవాంజలిన్.

ఏప్రిల్ 5, ఈస్టర్

తెల్లారగట్ల తోటలో దీపాలు పెట్టి వచ్చాం. చలమయ్య సున్నం బాగా వేశాడు. గట్టిగా చెయ్యి పట్టుకున్నాను, ఆయనకి ఎందుకో అర్థం కాలేదు. బీడీ ఇచ్చాడు.

నెట్ గుర్రంలా ఉంది. ఫోను పైవాటాలో ఉంటుంది. ఆదివారాలు కిందకి దిగుతుంది. అది ఒప్పందం. ఇవాళ ఆదివారమే, ఫ్రిజ్ మీద డబ్బా పక్కన పెట్టాను. అక్కడ మజ్జిగ గిన్నె ఉంది. ఎవరినీ ఏమీ అనలేదు.

ఈ డైరీలో నేను రాసినవన్నీ నిజాలు. మణికంఠ పొట్ట నిజం, పాస్టరుగారి ప్రార్థన నిజం, దీపం పచ్చగా మారడం నిజం, కాకి కూడా నిజంగానే ఉంది. ఒక్కటి మాత్రం పూర్తిగా నేను కల్పించింది. నా కోసమే రాసుకునే దాంట్లో కూడా అదే రాశాను, పదేపదే రాస్తే అయిపోతుందని.

పెట్టెలో నేను ఫోను పెట్టలేదు. కుడిచెయ్యి కిందా లేదు, ఎడమచెయ్యి కిందా లేదు, జేబులోనూ లేదు. పెడదామనే వంగాను. గుప్పెట్లోనే ఉంది. సరిగ్గా అప్పుడు అది మోగింది. సైలెంట్‌లో ఉంది కాబట్టి చప్పుడు లేదు, నా చేతిలో కొట్టుకుంది. సంగతి ఇంకా తెలియనివాళ్లు ఎవరో, వాడితో ఏదో మాట్లాడాలని చేస్తున్నారు. చలమయ్య మూత పట్టుకుని నిలబడ్డాడు. వెనక అందరూ చూస్తున్నారు. మోగుతున్న ఫోన్ని ఎవరైనా ఎలా పాతిపెడతారు?

జేబులో వేసుకున్నాను. వాణ్ని తాళ్లతో కిందికి దించుతున్నంతసేపూ అది నా తొడ మీద కొట్టుకుంటూనే ఉంది.